మా ఆయనకే జబ్బూ లేదు

మలంచాలోని ప్రైవేటు క్లినిక్‌తో తాడోపేడో తేల్చుకోవడానికి రాధారాణి పొద్దున్నే బయల్దేరింది.

తేల్చుకోక తప్పదు. రైల్వే వర్క్‌షాపులో ఆమె భర్త రాజశేఖర్‌ని క్రేను దింపేశారు. టన్నుల కొద్దీ ఇనుమును మనుషుల నెత్తిమీదుగా తిప్పే పని అది. దృష్టి నిలవని జబ్బున్న మనిషిని ఆ సీట్లో ఎవరు కూర్చోనిస్తారు? జబ్బు లేదని డాక్టరు చేత చెప్పించుకు రా, లేదంటే ఆ సీటు మర్చిపో అన్నాడు సెక్షన్ ఇంజనీరు.

జబ్బు సంగతి ఆయనకెలా తెలిసిందంటే, వాళ్ళ కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో అందరికీ తెలిసింది కాబట్టి. అందరికీ ఎలా తెలిసిందంటే, రాధారాణికి తెలిసింది కాబట్టి.

కిందటి నెల రాజశేఖరే అన్నాడు, "ఈ మజ్జిన అన్నీ మర్సిపోతన్నాను రాణీ. ఓపాలి డాక్టరుకి సూపించుకుంటాను. నువ్వూ తోడు రా" అని. తోడు వెళ్ళింది. డాక్టర్ సాహిత్య అంతా అయ్యాక ఫలితం చెప్పబోతుండగా పక్కింటి సింహాచలమ్మ ఫోను చేసింది, కుళాయి వచ్చిందని. రాధారాణి బయటికెళ్ళి అందుకుంది. కుళాయి సంగతి, సింహాచలమ్మ కోడలి సంగతి, ఆ కోడలి చెల్లెలి పెళ్ళి సంగతి పూర్తయ్యేసరికి లోపల డాక్టరు చెప్పడం కూడా పూర్తయింది.

"ఏటన్నాది?" అంది స్కూటరెక్కుతూ.

"ఏడీహెచ్‌డీ అంట, బుర్ర ఒక్కచోట నిలవదంట. పెద్దోళ్ళకీ ఉంటాదంట. భయం నేదు, మందులున్నాయన్నాది. రాణీ, ఒక మాట..."

"నాకు ముందే తెలుసు!" అంది రాధారాణి. ఆ ఒక్క మాట ఏమిటో వినలేదు.

సాయంత్రం కరివేపాకు కోసమని నాలుగిళ్ళు తిరిగింది. నాలుగిళ్ళలోనూ కబురు చెప్పింది. కరివేపాకు మాత్రం తేలేదు.

ఇక కాలనీ అంతా వైద్యం మొదలుపెట్టింది. సింహాచలమ్మ నిమ్మకాయతో దిష్టి తీసేసి వెళ్ళింది. మందుల షాపు బెంగాలీ దాదా జబ్బు పేరు సగం వినగానే, "ఓ కిఛు నా బౌదీ, గ్యాస్!" అని, అదసలు జబ్బే కాదన్నట్టు రెండు మాత్రలు చేతిలో పెట్టాడు. గుడి కమిటీ పెద్ద సోమేశ్వరరావు గారైతే, "మా కాలంలో ఈ జబ్బు లేదమ్మా. బెత్తం ఉండేది" అని తేల్చేశారు.

రాజశేఖర్ అన్నీ విన్నాడు. క్రేను దింపేసిన రోజు మాత్రం గుమ్మంలో కూర్చుని, ఖాళీ అరచేతులు చూసుకుంటూ ఉండిపోయాడు. రాధారాణి అది చూసింది. నోరు జారింది తను. శిక్ష ఆయనకి.

అప్పుడు పుట్టింది ఆమెకి అనుమానం. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి పోగొట్టిందేమిటి? మర్చిపోయిందేమిటి? క్రేనెక్కి కూర్చుంటే పక్కన పిడుగుపడ్డా తల తిప్పడు. పోనీ ఆ పరీక్షయినా సవ్యంగా జరిగిందా? పేషెంటుని రెండు ముక్కలడిగి ఊరుకుని, మిగతా పొద్దంతా పెళ్ళాం పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీశారు. కుటుంబం గురించి తెలియాలట! ప్రైవేటు వాళ్ళ తీరే అంత. లోపలికి వెళ్ళినవాళ్ళెవరూ ఏదో ఒక జబ్బు లేకుండా బయటికి రారు.

టోటో రిక్షా ఎక్కాక గుర్తొచ్చింది, కుక్కరు పొయ్యి మీదే ఉందని. సింహాచలమ్మకి ఫోను చేసి ఆపించింది. ఫోను మాటల్లో దిగాల్సిన చోటు దాటిపోయింది. వెనక్కి నడిచి క్లినిక్ చేరేసరికి గొడుగు టోటోతోపాటు వెళ్ళిపోయిందని తెలిసింది. మొగుడి ఉద్యోగం పోతుంటే గొడుగు ఎవరిక్కావాలి?

రిసెప్షన్ పిల్ల "దీదీ, దీదీ" అంటుండగానే తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"మా ఆయనకే జబ్బూ నేదు డాక్టరమ్మా. మీరు తప్పు సెప్పినారు."

"రాధారాణి గారూ, ముందు కూర్చోండి..."

"కూకోడానికి రానేదు. ఆయన్ని క్రేను దింపేసినారు. ఆ క్రేనంటే ఆయనకి పేణం. తప్పు నాదే, ఊరంతా సెప్పుకున్నాను. అయినా నన్నొక్క మాటన్నేదు, అదే నాకు మరీ బాధగా ఉంది..."

"అది కాదమ్మా..."

"మీరు ఒక్క ముక్క సెప్తే సాలు, ఆయనకేటీ నేదని. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

రాధారాణి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ సందులో డాక్టర్ సాహిత్యకి మాట్లాడే అవకాశం దొరికింది.

"రాజశేఖర్ గారు మీకింకా చెప్పలేదా?" అంది ఆశ్చర్యంగా. "ఇంటికెళ్ళి మెల్లగా తానే చెబుతానని నా దగ్గర మాట కూడా తీసుకున్నారే!"

"ఏటి సెప్పాల?"

డాక్టర్ సాహిత్య లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు నేను పరీక్ష చేసింది మిమ్మల్ని కదమ్మా, ఆయన్ని కాదు."