ఏడో ఘటసర్పం

"ఘటసర్పాన్ని చంపితేనే పుస్తకానికి అనుమతి," అన్నాడు హెబ్రోను.

ముత్తుకూరు చర్చికి ఆయన సంఘపెద్ద. ఎదురుగా నిలబడిన మగ్దలీనమ్మ స్త్రీల సమాజం కార్యదర్శి. ఆయన భార్య కూడా. సమాజం పని మీద వచ్చినప్పుడు నిలబడే మాట్లాడేది. ఇంట్లోనూ అంతే.

సమాజంలోని ఏడుగురు ఆడవాళ్ళు తలా ఒక కథ రాశారు. అన్నీ నిప్పులు కక్కే రెక్కల పాము కథలే. తెలుగు బైబిల్లో ఆ జంతువు పేరు ఘటసర్పం. సైతానుకి అదే మారుపేరు. అదీ సంఘం భయం.

పోయినేడు ఇదే సమాజం తమ బతుకుల గురించి ఒక పుస్తకం రాస్తే, ఇంటి సంగతులు అచ్చులో ఎందుకని పెద్దలు తిప్పి పంపారు. ఈసారి మగ్దలీనమ్మ జాగ్రత్తపడింది. ఇళ్ళలో ఉంటుందని ఎవరూ అనలేని జంతువుని ఎంచుకుంది.

"ప్రకటన గ్రంథంలో అది ఓడిపోతాది. మీ కథల్లోనూ చావాల," అన్నాడు హెబ్రోను.

"ఏడింటిలోనూనా అండీ?"

"ఒక్కటి బతికినా సంతకం పెట్టను."

ఈ కబురు విని రెబెక్కమ్మ ఏడ్చింది. ఆమె విడవలూరు కోడలు. కాన్పుకి పుట్టింటికి వచ్చి ఉంది. ఆమె కథలో ఘటసర్పం పొద్దుగూకగానే ఇళ్ళు తగలబెడుతుంది. తెల్లారి ఆ బూడిదలోనే కూర్చుని, క్షమించమని కన్నీళ్ళు పెట్టుకుంటుంది.

"చంపాల్నా అక్కా? పొద్దునపూట మంచిదక్కా అది."

"చంపమన్నది సంఘం. నువ్వు గాదు."

చాలా రోజులు రెబెక్కమ్మ కలం పట్టలేదు. చివరికి ఒక్క వాక్యంలో దాన్ని సముద్రంలో ముంచేసింది.

"సోమవారం పొద్దున్నే విడవలూరు బండొస్తాది, పోవాల. పోయేలోపు అచ్చులో ఒక్కసారి చూసుకుంటే చాలక్కా," అంది.

హెబ్రోను కథలన్నీ పడకకుర్చీలో వాలి చదివాడు. మగ్దలీనమ్మ పక్కనే నిలబడి విసనకర్ర విసిరింది. రెబెక్కమ్మ కథ దగ్గర ఆయన మొహం చిట్లించాడు.

"తగలబెట్టేదీ అదే, ఏడ్చేదీ అదేనా? ఇట్టాంటి ఘటసర్పం యాడన్నా ఉంటాదా? నమ్మేట్టు లేదే."

ఆనందకుమారి కథలో అది పెళ్ళికూతురి నగల పెట్టె మీద చుట్టలు చుట్టుకుని పడుకుంటుంది. "ఇది సబబుగా ఉంది. వాటికి బంగారం మీద ఆశ," అన్నాడు.

ఏడో కథ మగ్దలీనమ్మది. అందులో ఘటసర్పం నిప్పులు కక్కదు. గడపకి అడ్డంగా పడుకుంటుంది, అంతే. లోపలివాళ్ళు నోరు తెరవాలంటే ముందు దాన్ని అడగాలి. అది తలూపితే మాట్లాడాలి.

హెబ్రోనుకి తెగ నచ్చింది. "ఎంత మర్యాద తెలిసిన జంతువే! దీన్ని చంపకపోయినా ఫర్వాలేదు."

"రూలు మీరే పెట్టినారు గదండీ."

ఆయన నిట్టూర్చి సంతకం పెట్టాడు.

శనివారం మగ్దలీనమ్మ నెల్లూరు బస్సెక్కి ప్రెస్సుకి వెళ్ళింది. పుస్తకం విడుదల కావాల్సిన స్త్రీల మహాసభ మర్నాడే. అక్షరాలు కూర్చే కంపోజిటర్ ఓబయ్య సిరా చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు.

"కోపగించుకోబాకండమ్మా. మీ ఆడోళ్ళకి వ్యాకరణం రాదా ఏంది? ఘటసర్పం 'వచ్చాడు', ఘటసర్పం 'తిన్నాడు' అని రాసుండారు అక్కడక్కడా. అన్నీ 'వచ్చింది', 'తిన్నది' అని దిద్దినాను."

మగ్దలీనమ్మ చెంగుతో మెడ తుడుచుకుంది. "మంచిపని చేసినావు."

"అది సరే. ఇంకో చిక్కుండాది. 'ఘ'లు అయిపోయినాయి."

"అయిపోవడమేంది?"

"ఎవురి రాతలోనైనా ఎప్పుడో ఒకసారి వచ్చే అక్షరం గదా, మా దగ్గర సీసపు అచ్చులు కాసినే ఉంటాయి. మీరు వాక్యానికొకటి వాడినారు. ఆరు కథలు కూర్చేసరికి గడి ఖాళీ. అవి అచ్చయి, విప్పి, అక్షరాలు మళ్ళీ గడిలో పడేసరికి సోమవారం సాయంత్రం అవుతాది."

సభ దాటిపోతుంది. రెబెక్కమ్మ బండి వెళ్ళిపోతుంది. పుస్తకం వాయిదా పడితే హెబ్రోను మళ్ళీ మొదట్నుంచి చదువుతాడు. రెండోసారి, తీరిగ్గా. 

"మీ కథ ఒక్కటి తీసేస్తే సరిపోతాదమ్మా," అన్నాడు ఓబయ్య.

ఆమె ఖాళీ గడి వైపు చూసింది.

"అందరివీ చచ్చి నాదొక్కటే బతికుంటే ఎట్టా ఓబయ్యా?"

"పోనీ 'పాము' అని పెట్టనా?" అనేసి, వెంటనే నాలిక కరుచుకున్నాడు. "వద్దులేమ్మా. చివర్న చంపేసినారు గదా. నాగులచవితికి పుట్టలో పాలుపోసే ఇల్లు మాది. ఈ చేత్తో పాము చచ్చినట్టు కూర్చలేను. వేరే మాట చెప్పండి. 'ఘ' ఉండకూడదు. చదివే ఆడోళ్ళకి అర్థం కావాల, అంతే."

మగ్దలీనమ్మ బల్ల మీదున్న తన కథ కాగితాలు తీసి చూసింది. చివరి పేజీ కింద హెబ్రోను సంతకం ఎప్పుడో ఆరిపోయింది.

"నా కథలో క్రియలన్నీ మళ్ళీ 'వచ్చాడు', 'తిన్నాడు' అనే మార్చెయ్యి ఓబయ్యా," అంది, "మాట కూడా మేము ఏడుగురం మొదట రాసుకున్నదే పెట్టు, 'మా ఆయన' అని."