తగ్గిన ధర

మందు ధర తగ్గిందని వినగానే ఆ తల్లి గుండె గుభేలుమంది.

"తగ్గడమేంటి? మొన్నటిదాకా దీనికి నాలుగింతలు తీసుకున్నారుగా."

"ప్రభుత్వం తగ్గించిందమ్మా. ఇంతకన్నా ఎక్కువకి ఎవరూ అమ్మకూడదు" అన్నాడు మందుల షాపాయన.

"లోపల మందు కూడా నాలుగో వంతే పోశారేమో."

"రేటు పెరిగితే తిడతారు, తగ్గితే అనుమానిస్తారు. నేనెలా బతకాలమ్మా?"

షాపు ముందు బల్ల మీద ఆమె కూతురు భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటోంది. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుస్తారు. పుట్టినప్పటి నుంచీ ఉబ్బసం. పీల్చే మందు నిన్ననే అయిపోయింది.

"పాత ధరదే ఇవ్వండి. ఎక్కువైనా ఫర్వాలేదు."

"అది లేదమ్మా."

"అయితే ఇంకో షాపు చూసుకుంటాను."

"ఎక్కడైనా ఇదే తల్లీ" అన్నాడు బల్ల చివర కూర్చున్న పెద్దాయన. ఆ పాటి మాటకే ఆయనకి రొప్పు, దగ్గు.

ఆమె చటుక్కున పిల్లని తన వైపు లాక్కుంది.

"గుండె జబ్బులే. అంటుకోదు" అని నవ్వాడు. "మందు మారలేదు, ధరే మారింది. ముందు పిల్లకి పట్టు."

"అంత గట్టిగా చెప్తున్నారు, మీరు కంపెనీ మనిషా?"

"ఆ మాట వింటే కంపెనీవాళ్లు ఏడుస్తారు."

"దీనికేమన్నా అయితే మీరొచ్చి ఊపిరి పోస్తారా?"

ఆయన తన మాత్రల కోసం షాపాయన వైపు చెయ్యి చాపాడు.

షాపాయన కత్తెరతో మాత్రల అట్ట ముక్క కత్తిరించి ఆయనకిచ్చాడు. "ఈసారీ ఇన్నేనా?"

"రోజు విడిచి రోజు వేసుకుంటానులే. దీని రేటు నీకు తెలియంది కాదు."

పిచ్చుక పెదాలు పాలిపోతున్నాయి. ఇక చేసేది లేక, ఉన్న దేవుళ్లందరికీ మొరపెట్టుకుంటూ, ఆమె మందు పిల్ల నోటికి పెట్టింది.

కాసేపటికి ఎగిరే భుజాలు నెమ్మదించాయి.

"అమ్మా, ఆకలి" అంది పిచ్చుక.

అప్పుడు లేచాడు పెద్దాయన. ఆమె ఆయన వైపు చూడనైనా లేదు. ఇంటికెళ్లాక ఏమవుతుందో అన్న బెంగే ఆమెది.

ఏమీ కాలేదు. చలికాలమంతా పిల్ల హాయిగా నిద్రపోయింది. మందు అయిపోతుందేమోనని పొదుపు చేసి, ఆయాసం ముదిరి, ఆస్పత్రికి పరుగెత్తే పని తప్పింది. ఏదో ఒక కీడు తలుచుకోనిదే తెల్లవారని ఆ తల్లి, ఒక పొద్దున తలుచుకోవడానికి ఏమీ దొరక్క, పెద్దాయన గుర్తొచ్చి షాపుకి వెళ్లింది.

"ఆ పెద్దాయన వస్తున్నారా? ఆరోజు నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఆయన మాట వినబట్టే నా పిల్ల బాగుందని చెప్పాలి."

"పోయారమ్మా, కిందటి వారం. గుండె ఆగిపోయింది."

ఆమె బల్ల చివర, ఆయన కూర్చున్న చోటు వైపు చూసింది.

"అయ్యో. మా పిల్ల మందుకి తగ్గించినట్టే ఆయన మందుకీ తగ్గించి ఉంటే బతికేవారేమో. ఆ సర్కారువాళ్లకి చెప్పేవాళ్లే లేకపోయారా?"

"చెప్పిందే ఆయనమ్మా. మందుల ధరలు తగ్గించాలని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి సర్కారువాళ్లే పిలిచి, ఇప్పటికి ఒక్క మందుకే తగ్గించగలం, ఏది ముందు అని అడిగితే, 'నేను పెద్దవాణ్ణి, ఆగగలను' అని పిల్లలు పీల్చే ఈ మందు పేరు చెప్పి వచ్చారు."