ఆకుపచ్చ బకెట్లు

ముసలాయన మళ్ళీ వచ్చాడు.

గేట్ల ముందు తడిచెత్తకి పెట్టిన ఆకుపచ్చ బకెట్లలో ఒకదాని మూత తీసి, తొంగి చూశాడు.

"ఏం తాతా! మా ఇంట్లో ఏం వండుకున్నారో చూస్తున్నావా?" మేడ మీంచి ఎవరో నవ్వారు.

ఆయన చువ్వతో తొక్కలు కెలికి, ఏదో తీసి తన డబ్బాలో వేసుకున్నాడు. మూత పెట్టి పక్క బకెట్ దగ్గరికి జరిగాడు.

వీధి సంఘం కార్యదర్శమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడే తనిఖీ. పిడికెడు చెత్త కూడా బయటికి పంపని వీధి అని మున్సిపాలిటీ వాళ్ళు బోర్డు ఇస్తారు. దానికోసమే తడి వేరు, పొడి వేరు అని ఇంటింటికీ చెప్పి చెప్పి ఆవిడ గొంతు అరిగిపోయింది.

"అధికారులొచ్చే వేళకి ఈయన బకెట్లు దేవుతూ కనిపిస్తే మన పరువేం కాను?"

"పోనిద్దూ, ఆయనకేం అవసరమో," అన్నాడు భర్త.

"మీకు లోకమంతా మంచివాళ్ళే!"

విసవిసా కిందికి దిగింది.

"పెద్దాయనా, రేపట్నుంచి ఇటు రాకండి."

"చెత్త బండి అమ్మాయి వచ్చేలోపే వెళ్ళిపోతానమ్మా."

"రావద్దన్నానా!"

ఆయన డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు అధికారులు చూస్తుండగానే, వీధి చివరి ఎరువు గుంటలో తడిచెత్త సర్దుతున్న బండి అమ్మాయి కెవ్వుమంది.

అరచేతిలో సూది.

కార్యదర్శమ్మ అత్తగారు చక్కెర జబ్బుకి పొడిపించుకునే సూది అది. ఎవరికీ గుచ్చుకోకూడదని కార్యదర్శమ్మే కాగితంలో చుట్టింది. కాగితం మట్టిలో కలిసేదే కదా అని ఆకుపచ్చ బకెట్లో వేసింది. రోజూ అలాగే వేసేది.

బోర్డు జీపు దిగలేదు.

"పదవే తల్లీ, ఆస్పత్రికి పోదాం," కార్యదర్శమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఎప్పుడూ గుచ్చుకోలేదే!"

"తాత ముందే ఏరేసేవాడు కదమ్మా. ఇవాళ రాలేదేం?"



వెనకే వచ్చిన భర్త అడిగాడు. "ఎవరమ్మా ఆయన? మీ వాళ్ళా?"

"మావాళ్ళు కాదయ్యా. నాకు ముందు మీ వీధిలో బండి తోసిన అక్క, ఇట్లాగే సూది గుచ్చుకుని చెయ్యి వాచి చనిపోలేదూ, ఆమె నాన్న."