స్విచ్చి లేని కోత

"మళ్లీ అక్కడే చచ్చింది చూడు నీ ఇంజన్!" అంది ముసలావిడ, కుర్చీలోంచి లేవకుండానే.

మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది. పాతకాలపు బొమ్మ రైళ్లు బాగుచేయడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. ఆ పేరు అందరికంటే ముందు అతనే నమ్మాడు. పొద్దున కొట్లో బల్ల మీద బొంగరంలా తిరిగిన ఇంజన్, ఈ ఇంటికి తెచ్చి పట్టాల మీద పెట్టగానే సొరంగానికి జానెడు దూరంలో టక్కున ఆగిపోయింది. వెనకున్న ఖాళీ పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఊరుకున్నాయి.

"ఇంజన్ నాది కాదమ్మా, మీ ఆయనది. చక్రాలకి పట్టిన మసి తుడిచాను. వాటికి ఆనుకునే రాగి రేకులు వంచి సరిచేశాను. పట్టాల్లోంచి కరెంటు చక్కగా లాగుతోంది."

"లాగితే ఎందుకు ఆగింది?"

"అదే అంతుపట్టడం లేదు."

"అంతు చూడు నాయనా. ఇవాళ అది సొరంగం దాటి తీరాలి. ఆయన అటు వెళ్లిపోయారు, బండేమో ఇటే ఉండిపోయింది. ఆయన పోయినప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు, కంటిమీద కునుకు లేదు. నువ్వు దీన్ని దాటించావంటే చాలు, ఇంకేమీ అడగను."

ఆ మాటతో అతను పరికరాల సంచీ దగ్గరికి లాక్కున్నాడు. ఇంతలో కోడలు గుమ్మం దగ్గరికి వచ్చి, కాస్త ఇటు రమ్మని సైగ చేసింది.

"బాగవదని చెప్పేసి వెళ్లిపోండి, మీకు పుణ్యం ఉంటుంది," అంది లోగొంతుకతో.

"ఎందుకు?"

"ఎందుకో అడక్కండి. చెప్పనని మామయ్యకి మాటిచ్చాను."

"నాకు చెవుడు లేదే!" అంది లోపల్నుంచి ముసలావిడ. కోడలు నాలుక్కరుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇది అత్తాకోడళ్ల గొడవలే అనుకున్నాడు మెకానిక్. అయినా బాగవదు అనే మాట అతని నోట ఎప్పుడు వచ్చింది కనక!

మీటరు తీసి పట్టాల పొడుగునా ఆనించుకుంటూ వెళ్లాడు. సొరంగం దగ్గరికి రాగానే ముల్లు చతికిలబడింది. కళ్లు చికిలించి చూస్తే అప్పుడు కనిపించింది, పట్టా మీద వెంట్రుకవాసి కోత. జిగురు నింపి, పైన రంగు పూసి, కంటికి ఆనకుండా చేశారు. సొరంగానికి అవతలివైపు కూడా అలాంటిదే ఇంకోటి ఉంది. ఆ రెండింటి మధ్యా పట్టాలో కరెంటు లేదు.

"దొరికాడమ్మా దొంగ! ఇది కావాలని కోసిందే. బండిని ఒకచోట నిలబెట్టాలంటే ఇలాగే పట్టా కోసి, ఆ ముక్కకి విడిగా ఒక స్విచ్చి పెట్టుకుంటారు. వేస్తే కదులుతుంది, తీసేస్తే ఆగుతుంది."

"అయితే వెయ్యి."

బల్ల కింద దూరి వెతికాడు. స్విచ్చి లేదు. స్విచ్చికి వెళ్లే వైరు కూడా లేదు. ఇన్నేళ్ల పనిలో స్విచ్చి లేని కోత అతనెక్కడా చూడలేదు. బండిని ఆపాలనుకున్నవాడు ఎప్పుడో ఒకప్పుడు కదిలించాలని కూడా అనుకుంటాడు కదా. ముసలాయన ఓపిక లేక సగంలో వదిలేసి ఉంటాడులే అని సరిపెట్టుకున్నాడు.

లేచి సొరంగం ముందుకి వంగాడు. మూరెడు పొడుగు, అట్టలతో కట్టిన కొండ. దాని నోట్లోంచి చల్లగాలి మొహానికి కొట్టింది. గదిలో కిటికీలన్నీ మూసే ఉన్నాయి. ఒక అడుగు వెనక్కి వేశాడు గానీ, చేతిలో పని సగంలో ఆపడం అతనికి చేతకాదు. రెండు కోతల దగ్గరా వైరు ముక్కలు పెట్టి టంకం వేశాడు.

"ఇక చూడండమ్మా," అని బండిని నడిపే మీట తిప్పాడు.

ఇంజన్ కోత దాటింది. సొరంగంలోకి దూరింది. దాని వెనకే పెట్టెలన్నీ ఒక్కొక్కటే లోపలికి పోయాయి. ఆ వెంటనే అవతల బయటికి రావాలి. రాలేదు. చక్రాల చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. అది దగ్గరవడం లేదు. దూరమవుతోంది, పొలిమేర దాటి వెళ్లే బండిలాగా.

మెకానిక్ మీట కట్టేయబోయాడు.

"ఆపకు," అంది ముసలావిడ. గదికి ఆ చివర కుర్చీలో కూర్చున్న మనిషి మాట, అతని చెవి పక్కనే వినిపించింది.

చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. కాసేపటికి చప్పుడు మళ్లీ దగ్గరైంది. ఇంజన్ అవతలి నోట్లోంచి ఏమీ ఎరగనట్టు బయటికి వచ్చింది.

"దాటేసిందమ్మా!" అంటూ వెనక్కి తిరిగాడు.

కుర్చీ ఖాళీగా ఉంది. ముసలావిడ చెప్పులు మాత్రం కుర్చీ ముందే ఉన్నాయి.

టీ గ్లాసులతో కోడలు వచ్చింది. "అత్తయ్య ఏరి?"

"ఇప్పుడే... ఇక్కడే ఉన్నారు."

ఆమె చూపు తిరుగుతున్న బండి మీద పడింది. గ్లాసులు చేజారి భళ్లుమన్నాయి.

"ఆ కోత కలిపేశారా? ఎంత పని చేశారండీ! మామయ్య ఆఖరి రోజుల్లో మంచం దిగొచ్చి, వణికే చేతుల్తో కోశారు దాన్ని. 'మీ అత్తయ్యకి తొందరెక్కువ, ఆపకపోతే నా వెనకే వచ్చేస్తుంది' అని!"

బండి మలుపు తిరిగి వాళ్ల ముందుకు వచ్చింది.

చివరి పెట్టె కిటికీలోంచి వేలెడంత ముసలావిడ కోడలికి చెయ్యి ఊపుతోంది. పక్క సీట్లో ముసలాయన తల పట్టుకుని కూర్చున్నాడు.