తగ్గని పొటాషియం

"మళ్లీ పొటాషియం పెరిగిందమ్మా. ఇంకాస్త పెరిగితే గుండె ఆగిపోతుంది," విజయవాడ ఆస్పత్రిలో డయాలసిస్ డాక్టరు రిపోర్టు చూపించాడు. "అరటిపండు, బత్తాయి, కొబ్బరినీళ్లు వద్దన్నానా? వాటిలో ఉండేదాన్ని మీ ఆయన కిడ్నీలు బయటికి పంపలేవు."

మంచం మీద సోలిపోయిన భర్త పాదాలు పట్టుకుని గంగారత్నం భోరుమంది. "ఆయన మీదొట్టండీ, ఒక్క పండు ముట్టనివ్వలేదు. పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లున్నా ఒక్క బొండాం దించనివ్వలేదు."

"మరెలా పెరుగుతోంది?"

"అదే తెలీట్లేదండీ. తగ్గాలని అమ్మవారికి మొక్కుకుని రోజూ కొబ్బరికాయ కొడుతున్నాను. ఆ తీర్థం చుక్క ఒలక్కుండా ఆయనకే పట్టిస్తున్నాను."

డాక్టరు నోరు తెరిచేలోపే ఆమె కళ్లు తుడుచుకుంది.

"రేపటినుంచి రెండు కొడతానండీ."