రంపం

“కుక్క కావాలో, కుడిచెయ్యి కావాలో ఇప్పుడే తేల్చుకో!” ఆసుపత్రి అని కూడా చూడకుండా అరిచింది భార్య.

మంచం మీది వడ్రంగి ఆమె వైపు ఒత్తిగిల్లాడు. ఉలి దిగిన గాయం చీము పట్టి, చెయ్యి దిండులా ఉబ్బింది. ఇంకాసేపట్లో ఆపరేషను. చెయ్యి దక్కుతుందో లేదో ఎవరూ గట్టిగా చెప్పడం లేదు.

“పాపం, రంపం ఏం చేశాడే?” అన్నాడు. పడుకుంటే కర్ర కోస్తున్నట్టు గురక పెడుతుందని కుక్కకి ఆయన పెట్టిన పేరది.

“ఏం చేసిందా? దాని చెవి పుండులోనూ నీ చేతిలోనూ ఉన్నది ఒకటే క్రిమి అట! ముద్దు చేస్తే నెత్తికెక్కడం విన్నాను గానీ, నెత్తురులోకి ఎక్కడం ఇప్పుడే చూస్తున్నా.”

డాక్టరు అడ్డొచ్చాడు. “ఎవరి నుంచి ఎవరికొచ్చిందో చెప్పలేం అమ్మా. మనిషి నుంచి కుక్కకీ పాకుతుంది. మొదట్లో ఈ మందుకి లొంగిన క్రిమే, ఇప్పుడు మొండికేసింది. మాత్రలు పూర్తిగా వేసుకోకపోతే ఇలాగే అవుతుంది. సరిగ్గా వేసుకున్నారా?”

“ఒక్క పూట తప్పితే ఒట్టు! ఆయన పనిచేసే కొట్టంలోకి నేనే మాత్రా నీళ్ళూ పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని.”

ఆయన్ని లోపలికి తీసుకెళ్ళగానే ఆమె తిన్నగా పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. విడిగా బోనులో ఉంచిన రంపం ఆమెని చూసి తోకతో ఇనుప చువ్వల్ని టపటపా వాయించింది.

“ఇంకో ఇంజక్షనుంది. కొన్నాళ్ళు ఇక్కడే ఉంచి చూద్దాం,” అంది పశువుల డాక్టరమ్మ.

“తగ్గి ఇంటికొస్తే ఆయన మళ్ళీ పక్కలో వేసుకుంటాడు. వద్దు, శాశ్వతంగా నిద్రపుచ్చేయండి.”

“బాగా ఆలోచించుకున్నారా?”

“వడ్రంగికి చెయ్యి పోతే ఇంకేం మిగుల్తుందమ్మా?”

కోపంలో అనేసింది గానీ, సూది గుచ్చుతుంటే దాని తల ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రబ్బరు తొడుగు వేసుకున్న ఆమె చేతిని నాకుతూ నాకుతూ ఆగిపోయింది కుక్క.

తిరిగొచ్చేసరికి ఆపరేషను అయిపోయింది. ప్రాణం దక్కింది. చెయ్యి మాత్రం మణికట్టు దాకా తీసేశారు. ఆమె గుండె చెరువైంది.

వడ్రంగి కళ్ళు తెరిచి కట్టు వంక చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత ఆమె వంక తిరిగాడు.

“ఏడవకే. రంపం ఎలా ఉన్నాడు?”

ఆమె పైటతో కళ్ళు తుడుచుకుంది. “వాడు బాగానే ఉన్నాడయ్యా,” అంది. ఎప్పుడూ ‘అది’ అనే ఆమె నోట ‘వాడు’ రావడం అదే మొదటిసారి.

ఆయన ముఖం విప్పారింది.

“హమ్మయ్య! నువ్విచ్చిన ప్రతి మాత్రా సగమే నేను మింగి, మిగతా సగం వాడికే పెట్టానే... చెయ్యి పోతే పోయింది, వాడైనా దక్కాడు!”