భాష ఎంచుకోండి

తార్నాక జిరాక్స్ షాపులో భార్గవి ల్యాప్‌టాప్ తెరిచి పావుగంటైంది. తెరమీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

వారంలో థీసిస్ ఇచ్చేయాలి. చివరి అధ్యాయం ఈ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. చవగ్గా వస్తోందని కొన్నది. రిపేరు చేసేవాళ్ళు చూసి, కొత్తది కొనుక్కోమని పంపేశారు.

"మిషన్ మంచిదే మేడం," అన్నాడు మూలన కూర్చుని పుస్తకాలు కుడుతున్న పెద్దాయన. "లోపలి సిస్టమే దానికి బరువైంది. తేలికది ఎక్కిస్తా. అది ఫ్రీ."

బైండింగ్ చేసే వెంకటస్వామి. వేళ్ళనిండా మైదా జిగురు.

భార్గవి అనుమానంగా షాపు యజమాని నాగేష్ వైపు చూసింది.

"ఇయ్యుండ్రి, ఆయనకొస్తది," అన్నాడు నాగేష్ తలెత్తకుండానే.

వెంకటస్వామి చేతులు కడుక్కొచ్చాడు. పాత సిస్టమ్ తెరుచుకునేదాకా ఓపిగ్గా కూర్చుని, ఆమె రాసుకున్నవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఆమె చేతిలో పెట్టాకే తేలిక సిస్టమ్ ఉన్న ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టాడు.

కొత్త సిస్టమ్ ముందుగా భాష ఎంచుకోమంది. ఆయన ఆమెను అడక్కుండానే తెలుగు నొక్కాడు.

అరగంటలో తెర వెలిగింది. బొమ్మల కింద పేర్లన్నీ తెలుగులో: దస్త్రాలు, అమరికలు, చెత్తబుట్ట.

భార్గవికి నవ్వొచ్చింది. "ఇదేంది సార్, కంప్యూటర్లో తెలుగా? ఇంగ్లీషు పెట్టండి."

"ఏ మాట అర్థం కాలే మేడం?"

అర్థం కాక కాదని, హాస్టల్లో ఎవరైనా చూస్తే నవ్వుతారని చెప్పింది. తను చేస్తున్నది తెలుగులో పీహెచ్‌డీ అని ఆ క్షణాన ఆమెకు తట్టలేదు.

ఆయన కాసేపు తెరవైపే చూశాడు. ఇంగ్లీషుకు మార్చి ఇచ్చాడు. టీ తాగమన్నా వద్దని మళ్ళీ సూది అందుకున్నాడు.

ఆ రోజు నుంచి ల్యాప్‌టాప్ మూత తీసి కుర్చీ సర్దుకునేలోగా సిద్ధమయ్యేది. థీసిస్ రెండు రోజుల ముందే పూర్తయింది.

ప్రింట్లు పట్టుకుని బైండింగుకు వెళితే షాపులో ఆ మూల ఖాళీగా ఉంది. కళ్ళు కనబడటం లేదని పని మానేసి ఊరికి వెళ్ళిపోయాడట. ఏ ఊరో నాగేష్‌కూ తెలియదు.

కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు రాయలేదని అప్పుడు గుర్తొచ్చింది.

క్యాంపస్‌కు తిరిగొచ్చి, లైబ్రరీ మెట్లమీద కూర్చుని, ల్యాప్‌టాప్‌లో ఆ పేజీకి ఆయన పేరు చేర్చింది. ఆ సిస్టమ్ గురించీ ఒక మాట రాద్దామని, దాన్ని తయారుచేసినవాళ్ళ జాబితా తెరిచింది.

ఏయే దేశాలవాళ్ళో. జీతం లేకుండా తలా కొంత చేసిపెట్టినవాళ్ళు, వందల మంది. అందులోని మాటలను తమ తమ భాషల్లోకి మార్చినవాళ్ళ పేర్లు విడిగా ఉన్నాయి. ఒక్కో భాషకు పదేసి, ఇరవయ్యేసి మంది.

తెలుగు దగ్గర ఒకే ఒక్క పేరుంది: వెంకటస్వామి, బుక్ బైండర్, తార్నాక.